నోరు లేని కొట్టు

చివరి గురువారం పొద్దున లోసలీన్ ఒక అట్టపెట్టెను వంటింటి తొట్టిలో నిలబెట్టి, దాని మీద అతికించిన చిరునామా కాగితం మీద కెటిల్లోని వేణ్ణీళ్లు పోసింది. కాగితం మెత్తబడేదాకా ఆగి, బొటనవేలి గోటితో ఒక మూల లేపి, పీలిక మిగలకుండా గీకేసింది. పెట్టె ఆమెది కాదు. కూతురు పిసిలా శుభ్రం చేసే బడికి చీపుర్లు వచ్చిన పెట్టె. చిరునామా బడిది, పేరు హెడ్మాస్టరుది. గుజ్జయిన కాగితాన్ని పాత పేపర్లో చుట్టి చెత్తలో వేసింది. పెట్టెను మడిచి, పాత అట్టలు వేసే పసుపుమూత డబ్బాలో పడేసి, చేతులు తుడుచుకుంది.

"అది హెడ్మాస్టరు పేరమ్మా," అంది పిసిలా, గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ.

"ఆయనకి మాత్రం అక్కచెల్లెళ్ళు లేరా ఏంటి?" అంది తల్లి.

ఆ మధ్యాహ్నం బట్టలారేస్తూ తీగ కింద పడిపోయింది. పక్క పట్నం మిల్దూరా ఆసుపత్రిలో మూడు రోజులుంది. కళ్ళు తెరవలేదు. ఆదివారం చర్చి గంట వేళకు పోయింది. అరవై ఒకటో ఏడు.

లోసలీన్ తోంగా దేశంలో, హాపై దీవుల్లో పుట్టింది. ఇరవై రెండేళ్ల కిందట మొగుడి వెంట ద్రాక్షకోతలకని సముద్రం దాటి ఈ ఊరు రాబిన్‌వేల్ వచ్చింది. మొగుడు పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. ప్యాకింగ్ షెడ్డులో ఆమె చెయ్యి అంత తేలికైన చెయ్యి ఇంకొకరికి లేదనేవారు. ద్రాక్షపండు మీద బూడిద పూసినట్టు ఒక తెలుపు ఉంటుంది. వేలు తగిలితే అది చెరుగుతుంది, చెరిగితే కొనేవాళ్లు పండు పాతదనుకుంటారు. లోసలీన్ గుత్తిని తొడిమ దగ్గర పట్టుకుని ఎత్తి, పగిలిన పండును కత్తెర కొసతో తీసేసి, పక్క పండుకు గాలి కూడా తగలనట్టు డబ్బాలో పడుకోబెట్టేది. ముట్టుకోకుండా పట్టుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటైన పనే.

తమ్ముడు సెమిసితో అలాగే పెరిగింది. ఆమె కంటే రెండేళ్లు చిన్న. వాడికి పదేళ్లు రాగానే రాత్రిళ్ళు మగపిల్లల గుడిసెలో పడుకోవడం మొదలుపెట్టాడు. ఆమె లోబట్టలు ఎప్పుడూ దుప్పటి చాటునే ఆరేవి, వాడి కంట పడకుండా. సినిమాలో ముద్దొస్తే ఇద్దరిలో ఒకరు లేచి బయటికి పోవాలి. అక్క ముందు తమ్ముడు బూతుమాట అనడు, ఆమె ఒంటి సంగతి ఎత్తడు, ఆమె చేసినదానికి ఎందుకని అడగడు. అక్క అంతస్తు పెద్దది. తమ్ముడి పిల్లలకు మేనత్త మరీ పెద్ద: పెళ్లికైనా పుట్టినరోజుకైనా ముందు వరస చాప ఆవిడది, కేకు పై అంతస్తు ఆవిడది.

రాబిన్‌వేల్‌లో తమ్ముడూ వచ్చి స్థిరపడ్డాడు; అక్కడ కూడా ఆ లెక్క తప్పలేదు. శనివారం శనివారం సెమిసి గేటు దగ్గర దగ్గేవాడు. దగ్గు వినబడగానే లోసలీన్ తీగ మీద బట్టలేవైనా ఉంటే లోపల పడేసి, గుమ్మంలో చాప వేసుకుని కూర్చునేది. సెమిసి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో, ముఖం వీధివైపు పెట్టి కూర్చునేవాడు. నదిలో నీళ్ల సంగతి, పాస్టరుగారి ప్రసంగం పొడుగు సంగతి, చిలగడదుంపల సంగతి మాట్లాడుకునేవారు. వెళ్ళేటప్పుడు తను పండించిన దుంపల సంచి దించేవాడు. ఆమె ఉప్పుగొడ్డుమాంసం, కొబ్బరిపాలు ఆకులో చుట్టి వండింది కట్టి ఇచ్చేది. ఇక్కడ చేమాకు దొరకదు కాబట్టి పాలకూర. "పాలకూరలో చుట్టినా అక్క చెయ్యి అక్క చెయ్యే," అనేవాడు, వీధితో చెబుతున్నట్టు.

రెండేళ్ల కిందట ఆమెకు ఎడమ రొమ్ము తీసేశారు. సెమిసికి చెప్పింది "చిన్న ఆపరేషన్" అని. ఆయన "దేవుడి దయ" అన్నాడు. ఏం ఆపరేషనని అడగలేదు. ఆరు వారాలు వచ్చి పెరట్లో గడ్డి కోసి పెట్టాడు.

చిక్కంతా చర్చి పాటల జట్టుతో వచ్చింది. నెల మొదటి ఆదివారం ఆడవాళ్ళంతా తెల్లగౌను వేసుకుని పాస్టరు పక్కన నిలబడాలి. ఎదుటి బెంచీలో సెమిసి ఉంటాడు. లోసలీన్ ఖాళీలో మేజోళ్లు కుక్కుకునేది. మూడో చరణానికి అవి జారి పొట్ట మీదికి వచ్చేవి. ఊళ్ళో మందుల షాపులో అడుగుదామంటే బల్ల వెనకున్న పిల్ల అదే జట్టులో పాడుతుంది. మిల్దూరా వెళ్దామంటే కారు సెమిసిది.

అప్పుడు పిసిలా ఫోనులో ఒక యాప్ చూపించింది. బట్టలు, గిన్నెలు, పెట్టుడు పళ్ళు, పెట్టుడు రొమ్ములు, అన్నీ దొరికే కొట్టు.

"ఇందులో ఎవరు చూస్తారే?"

"ఎవరూ చూడరమ్మా. కంప్యూటరు."

"దానికి ఆడా మగా ఉందా?"

"లేదు."

"నోరో?"

"నోరూ లేదు."

"అయితే తియ్యి."

పొయ్యి మీద దుంపలు పొంగుతున్నాయి. పిసిలా ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో తల్లి ఫోను పట్టుకుని పేరు, చిరునామా కొట్టింది. మీ పరిచయస్తుల జాబితా చూడనిస్తారా అని యాప్ అడిగింది. పిసిలా బొటనవేలు అప్పటికే సరే, సరే, సరే అని నొక్కుతూ వస్తోంది, దాన్నీ నొక్కేసింది. తల్లికి వినిపించింది మాత్రం ఇంకో వాక్యం: సాదా పెట్టెలో పంపుతాం, లోపల ఏముందో పైన రాయం. తల్లి దాన్ని రెండోసారి కూడా చదివించుకుంది.

పెట్టె మాట నిలబెట్టుకుంది. మట్టిరంగు అట్ట, పైన ఏ రాతా లేదు. లోసలీన్ తలుపు గడియ పెట్టుకుని సిలికాన్ రొమ్మును అరచేతిలో పెట్టుకుని, షెడ్డులో గుత్తిని తూచినట్టు తూచింది.

"మూడొందల యాభై గ్రాములన్నారు," అంది. వంటింటి తక్కెడలో పెడితే మూడొందల నలభై వచ్చింది. "పది గ్రాములు మోసం. అయినా నా సొంతదానికంటే బుద్ధిమంతురాలు. ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది."

ఆ నెల నాలుగు చరణాలూ గట్టిగా పాడింది.

తరవాత ఆ కొట్టునుంచే ఇంకా తెప్పించుకుంది. జేబున్న లోబాడీలు, మచ్చకు రాసుకునే నూనె, మోకాలి పట్టీ. షెడ్డులో ఎవరైనా కంప్యూటరు కొట్లు మోసమంటే ఊరుకునేది కాదు. ఇంటికొచ్చి పిసిలాతో అనేది: "దానికి నా సంగతులన్నీ తెలుసు. ఒక్కటి బయటికొచ్చిందా? మన చర్చిలో అలాంటివాళ్లు ఒక్కరున్నారేమో చెప్పు."

ఆ కొట్టు రోజూ అడిగేది: మీకు నచ్చిందా? మీ అభిప్రాయం చెప్పండి. పిసిలా వాటిని తుడిచేస్తుంటే తల్లి ఒకరోజు చెయ్యి పట్టుకుంది.

"అన్నిసార్లు అడుగుతుంటే జవాబివ్వకపోతే ఎలా? మనకేం మర్యాద లేదనుకోరూ?"

"అందరికీ అలాగే పంపుతారమ్మా. అయిదు చుక్కలు నొక్కితే చాలు."

"చుక్కలేంటే? సాయం చేసినవాళ్లకి నిలబడి వందనం చెప్పాలి."

తోంగావాళ్లు చాప పుచ్చుకున్నా, చేప పుచ్చుకున్నా, అందుకు తగ్గ వందనం నిండుగా చెప్పి గానీ కూర్చోరు. లోసలీన్ నిజంగానే లేచి నిలబడింది. వేడుకలప్పుడు కట్టుకునే చాప కూడా నడుముకు చుట్టుకుంది. కిటికీ వైపు తిరిగి, పిల్లకు అర్థమయ్యేలా ఆగి ఆగి చెప్పింది: ఎక్కడో దూరాన ఉండి, నా ముఖం చూడకుండానే, ఎడమ రొమ్ము పోయిన నా సిగ్గును నా వాళ్ల ముందు కప్పిన మీకు, మీ పనివాళ్లకు, మీ పిల్లలకు దేవుడు మేలు చెయ్యాలి. పిసిలా ఒక్క మాట వదలకుండా ఇంగ్లీషులోకి మార్చి కొట్టింది. కింద తల్లి పూర్తి పేరు కూడా పెట్టింది, వందనం ఎవరిదో తెలియాలి కాబట్టి.

సోమవారం పదింటి టీకి షెడ్డు బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు, పక్క బల్ల దగ్గర పనిచేసే ఏనా మోచేత్తో పొడిచింది.

"ఏమే లోసలీన్, కొట్టువాళ్లకి వందన సమర్పణ చేశావట? పాస్టరుగారు నీ దగ్గర నేర్చుకోవాలి."

"ఏ వందనం?"

"నా సిగ్గును కప్పిన మీకు... తరవాతేంటి, ఉండు, చదువుతా." ఏనా ఫోను ముందుకు చాపింది. తెర మీద ఆ రొమ్ము బొమ్మ, దాని పైన: మీకు తెలిసిన లోసలీన్ దీన్ని మెచ్చుకున్నారు. మీకూ నచ్చవచ్చు.

ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నవ్వారు. లోసలీన్ ముఖం చూసి ఆపేశారు. ఏనా చెడ్డది కాదు. ఫోను గబుక్కున ఆప్రాన్ జేబులో దోపుకుంది.

"ఎవరికీ చూపించలేదే, ఒట్టు. నాకు దానంతటదే వచ్చింది."

"నీకెందుకు వస్తుంది?"

"నాకేం తెలుసు? నువ్వే పంపావనుకున్నా."

పన్నెండింటికి లోసలీన్ కడుపులో నొప్పని చెప్పి ఇంటికి నడిచి వచ్చేసింది. పిసిలా బడినుంచి వచ్చేసరికి కోటు విప్పకుండా బల్ల దగ్గర కూర్చుని ఉంది. "ఇంకా ఎవరెవరికి వెళ్లిందో దీన్ని అడుగు," అంది ఫోను తోస్తూ.

యాప్ ఏదీ దాచలేదు. పైగా శుభవార్త చెప్పినట్టు చెప్పింది: మీ అభిప్రాయం నలభై ముగ్గురు పరిచయస్తులకు చేరింది! పదకొండు మంది చూశారు! కింద పేర్లు, లోసలీన్ తన ఫోనులో రాసుకున్న పేర్లే. చూసినవాళ్ల పక్కన చిన్న కన్ను గుర్తు. పాస్టరుగారి పక్కన కన్ను లేదు. షెడ్డు మేస్త్రీ పక్కన ఉంది. ఏనా పక్కన ఉంది. సెమిసి పక్కన ఉంది.

లోసలీన్ ఫోనును బోర్లా తిప్పి, దాని మీద అన్నం కంచం బోర్లించింది.

"నా తమ్ముడి నంబరు వాళ్లకెవరిచ్చారు?"

"తెలీదమ్మా."

"నువ్వేమైనా నొక్కావా?"

"లేదమ్మా," అంది పిసిలా.

"మరి?"

"దొంగిలించి ఉంటారు."

"దొంగ అయితే కిటికీలోంచి వస్తాడు," అంది లోసలీన్. "నేను తలుపు తీసి కూర్చోబెట్టాను. నిలబడి వందనం చెప్పాను. నా వందనాన్ని అమ్ముకున్నారే."

పిసిలా ఆ కొట్టుకు ఫిర్యాదు రాసింది. మూడో రోజు జవాబొచ్చింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, అభిప్రాయాన్ని తొలగించాం, ఇప్పటికే చేరినవాటిని వెనక్కి తీసుకోలేం, ఫలానా తేదీ సాయంత్రం ఆరు గంటల పన్నెండు నిమిషాలకు మీ ఫోను నుంచే పరిచయస్తుల జాబితాకు అనుమతి వచ్చింది. చివర, ఈ సంభాషణ మీకు తృప్తి కలిగించిందా అని అయిదు ఖాళీ చుక్కలు. తల్లికి పిసిలా మొదటి ముక్క చదివి వినిపించింది. ఆరు గంటల పన్నెండు నిమిషాల ముక్క చదవలేదు. ఆ ఫోనులోంచి ఆ ఉత్తరాన్నే తుడిచేసింది.

లోసలీన్ సిలికాన్ రొమ్మును బిస్కెట్ల డబ్బాలో పెట్టి బీరువా మీదికి తోసేసింది. మళ్ళీ మేజోళ్లే. పాటల జట్టు మానేసింది. మందుల షాపులో తగ్గింపు కార్డుకని నంబరు అడిగితే "నాకు ఫోను లేదు" అనేది, సంచిలో ఫోను మోగుతుండగానే. ఇంటికొచ్చిన ప్రతి పెట్టె మీదా, కవరు మీదా పేరు గీకేది. పిసిలా ఏదైనా కొనబోతే, "కొనుక్కో, నీ పేరుతో కొనుక్కో. నా ఇంటి నంబరు మాత్రం చెప్పకు," అనేది. ఇంటి నంబరు లేకుండా ఎలా వస్తుందని పిసిలా అడగలేదు. కొనడమే మానేసింది.

శనివారం గేటు దగ్గర దగ్గు వినబడింది. లోసలీన్ చాప తియ్యలేదు. స్నానాలగదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

"పడుకున్నానని చెప్పు."

సెమిసి టోపీ చేత్తో పట్టుకుని మెట్టు కింద నిలబడ్డాడు. "సరే, లేపకు," అన్నాడు. సంచి దించి పోయాడు. పై శనివారం అమ్మకు తలనొప్పని చెప్పింది పిసిలా. ఆ పై శనివారం చర్చి పని. నాలుగోసారి సెమిసి గడ్డి కోసి, దగ్గకుండా వెళ్లిపోయాడు. చలికాలం వచ్చేసరికి సంచి గేటు లోపల ఒంటరిగా కనబడేది. తరవాత సంచీ ఆగిపోయింది.

"చూశావా," అంది లోసలీన్. "అంత బొమ్మ చూశాక వాడు మాత్రం నా ముఖం ఎలా చూస్తాడు? వాడి తప్పు లేదు."

పిసిలా ఒక్క మాట అడిగి ఉండొచ్చు. తమ్ముడికి అక్కను అడిగే హక్కు లేదు గానీ, మేనకోడలికి మేనమామ దగ్గర అడ్డే లేదు. చిన్నప్పుడు ఆయన కంచంలోంచి మాంసం ముక్క లాక్కుని తినేది, పెద్దయ్యాక ఆయన టోపీ పెట్టుకుని ఆయన నడక నడిచి చూపించేది. మామయ్యా, ఏదైనా మెసేజీ చూశావా, అంటే సరిపోయేది. కానీ ఆయన వెంటనే అడిగే ప్రశ్న ఏమిటో ఆమెకు తెలుసు. నా నంబరు వాళ్లకెవరిచ్చారే, అంటాడు. అందుకని మామయ్య ఉండే వీధి వైపు వెళ్ళడం తనూ తగ్గించుకుంది.

వసంతంలో సెమిసి కూతురు సలోమెకు ఇరవై ఒకటో పుట్టినరోజు. చర్చి హాల్లో రెండొందల మంది. లోసలీన్ పెట్టె అడుగునుంచి కానుకకని చెట్టుబెరడు దంచి చేసిన బట్ట, ఊరినుంచి తెచ్చుకున్న సన్నచాప తీసి పిసిలా చేతికిచ్చింది.

"నువ్వు రాకపోతే ఎలాగమ్మా? మేనత్తవి."

"వాడి ఎదురుగా, అందరి ముందూ, ముందు వరస చాప మీద కూర్చోమంటావా? ఈ మేజోళ్లతో?"

ముందు వరసలో సెమిసి తన చేత్తో పరిచిన చాప చివరిదాకా ఖాళీగానే ఉంది. ఎవరూ దాని మీద కూర్చోలేదు, ఎవరూ తియ్యమనలేదు. సలోమె కేకు కోసేటప్పుడు రెండుసార్లు తలుపువైపు చూసింది. అందరూ వెళ్లిపోయాక కేకు పై అంతస్తును తెల్లబట్టలో పెట్టి సెమిసే నడిచి తీసుకొచ్చాడు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి, దగ్గాడు. లోపలినుంచి ఎవరూ రాలేదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

"జాలిపడి తెచ్చాడు," అంది లోసలీన్. కేకు ముట్టలేదు.

అది జరిగిన మూడో వారంలోనే ఆ గురువారం వచ్చింది.

అంత్యక్రియలప్పుడు సెమిసి చిరుగుల చాప, చెవులదాకా వచ్చే అంత పెద్దది, ఒంటికి చుట్టుకుని హాలు వెనకాల, గుంటలో కాల్చిన రాళ్ల మీద మట్టి కప్పి వండే నేలపొయ్యి దగ్గరే ఉన్నాడు. అక్క పోతే తమ్ముడి చోటు అదే: పొగలో, వంటదగ్గర. ఆమెను పడుకోబెట్టిన గదిలోకి రాడు, ముఖం చూడడు. పిసిలా టీ తీసుకెళ్లి ఇచ్చింది. ఆయన రాళ్ల మీది మట్టి సర్దుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"మీ అమ్మకి నా మీద కోపం దేనికే?"

"కోపమా?"

"నేను దగ్గితే బయటికి రాలేదు. సలోమె చాప మీద కూర్చోలేదు. మేనత్త కూర్చోలేదంటే నేను చేసింది చిన్న తప్పు కాదు. దుంపలు పుచ్చాయా అనుకున్నా. దుంపలకి అంత కోపం రాదుగా. అడుగుదామంటే, అక్కని ఎలా అడుగుతాను? ఇంక వస్తే విసిగిస్తున్నట్టుంటుందని మానేశా." పార ఆపాడు. "నీకేమైనా చెప్పిందా?"

పిసిలా నోరు తెరిచింది. చెప్పాలంటే తల్లి ఒంటి సంగతి ఎత్తాలి. బతికున్నప్పుడు ఆయన వినకూడని మాట, ఇప్పుడు అసలే వినకూడదు.

"కోపం లేదు మామయ్యా," అంది. "నిజంగా లేదు."

ఆయన నమ్మలేదు. టీ కప్పు వెనక్కిచ్చి మళ్ళీ మట్టి తోడసాగాడు.

హాలు వంటగదిలో సెమిసి భార్య ఫానె గిన్నెలు తోముతోంది. పిసిలా పక్కన నిలబడి తువ్వాలు తీసుకుంది. ఇద్దరే ఉన్నారు. సబ్బునీళ్లలోకి చూస్తూ పిసిలా అంతా చెప్పేసింది: వందనం, బొమ్మ, సెమిసి పేరు పక్కన కన్ను, తను నొక్కిన సరే, అబద్ధం. ఫానె చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి.

"మీ మామయ్య ఆ పాత నంబరు నా దగ్గరే ఉందే," అంది. "పోయినేడు ద్రాక్షకోతలప్పటి నుంచీ. దానికి నెట్టు ఎక్కువొస్తుందని నేను తీసుకున్నా. మాట్లాడ్డానికి నా పాతదే, అందుకే మీకెవరికీ చెప్పలేదు. ఆ మెసేజీ తెరిచింది నేను. వదిన ఎంత తెలివిగా తెచ్చుకుంది అనుకున్నా. ఆ క్షణమే తీసేశా. వదినకి తెలిస్తే సిగ్గుపడుతుందని ఆవిడ దగ్గర కూడా ఎత్తలేదు."

"మరి మామయ్యకి?"

"మీ మామయ్యకి తోట యజమాని వేరే నంబరుతో వేరే ఫోనిచ్చాడు. బొత్తాల ఫోను. అందులోకి బొమ్మలు రావు."